పేరునకు విధించిన శిక్ష

మన భాషాచరిత్రను చదువుకొన్నవారికి క్యాంబెల్ అను పేరు క్రొత్తది కాదు. తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి 1816వ సంవత్సరమున చెన్నపట్టణమున అచ్చొత్తించిన ఎ.డి. క్యాంబెల్ దొరను గూర్చి పాఠము చెప్పునప్పుడు, ఆ యింటిపేరునకు అర్థమేమని విద్యార్థులు అడుగుట కలదు. అది స్కాట్లాండు దేశపు ఇంటిపేరు. ఆ దేశపు ఉత్తర పర్వతప్రాంతముల భాషయైన గేలిక్‌లో ‘కామ్’ అనగా వంకర, ‘బేల్’ అనగా నోరు. వంకరనోటివాడని యర్థము. అట్లే కామెరన్ అనగా వంకరముక్కువాడని చెప్పుదురు. ఈ మాట చెప్పగనే తరగతిలో నవ్వులు పుట్టును. నవ్వుట తప్పు కాదు. కాని అర్థము తెలిసినంతమాత్రమున పేరు తెలిసినదనుకొనుట పొరపాటు. ఇందులకు స్కాట్లాండు వారిదే మఱియొక యింటిపేరు నాకు గొప్ప సాక్ష్యముగా కనబడుచున్నది. అది మాక్‌గ్రెగర్.

‘మాక్’ అనగా కుమారుడు. గ్రెగర్ కుమారుడు మాక్‌గ్రెగర్. కుమార్తె యైనచో గేలిక్‌లో మాక్‌నకు బదులు ‘నిక్’ చేరును. గ్రెగర్ అనునది క్రైస్తవమతముతో వచ్చిన గ్రీకు పేరునకు రూపాంతరము. మేల్కొని యుండువాడు, జాగరూకుడు అని దాని భావము. ఈ వంశమువారు తొమ్మిదవ శతాబ్దపు రాజుల సంతతివారమని చెప్పుకొనుచు, తమది రాజకులమని చాటు వాక్యమును వంశచిహ్నమున చెక్కించుకొనిరి. చరిత్రకారులు దీనిని అంగీకరింపక, 14వ శతాబ్దమున గ్లెన్ ఆర్కీ అను లోయలో నుండిన గ్రెగర్ అను నాయకుని వద్దనే ఈ వంశకథను ప్రారంభింతురు.

ఆ పర్వతప్రాంతములలో ఇంటిపేరు రక్తసంబంధమునకు మాత్రమే గుర్తు కాదు. నాయకుని నీడన బ్రతుకుచు, అతని వెంట యుద్ధమునకు నడచువారును అతని పేరే ధరించుచుండిరి. కావున ఒక పేరు వ్యాపించుటకు సంతానము ఒక కారణమైనచో, ఆశ్రయము మఱియొక కారణము. నేడు స్కాట్లాండులో మిక్కిలి యెక్కువమందికి గల యింటిపేరు స్మిత్, అనగా కమ్మరి. ప్రతి యూరను కమ్మరి యుండును గనుక ఆ పేరు పెరిగినది. మాక్‌గ్రెగర్ అను పేరునకు అట్టి సులభమైన త్రోవ లభింపలేదు.

గ్లెన్ ఆర్కీ లోయపై అధికారము కాలక్రమమున క్యాంబెల్ వంశీయుల చేతికి పోయెను. 16వ శతాబ్దము నాటికి మాక్‌గ్రెగరులు తాతలనాటి నుండి నివసించుచున్న నేలపై పత్రబద్ధమైన హక్కు లేనివారైరి. పశువులను దోచుటయు, ప్రతీకారము తీర్చుకొనుటయు వారి బ్రతుకులో భాగమయ్యెను. 1570లో వారి నాయకుడైన గ్రెగరును గ్లెన్ ఆర్కీ క్యాంబెల్ ప్రభువు శిరచ్ఛేదము చేయించెను. మృతుని భార్య మేరియన్ పుట్టింటిపేరు కూడ క్యాంబెలే! ఆమె తన పసిబిడ్డను జోకొట్టుచు, భర్తకై విలపించుచు, పుట్టినింటివారినే నిందించుచు పాడిన పాటగా ప్రసిద్ధమైన గేయమొకటి గేలిక్ సాహిత్యమున నేటికిని నిలిచియున్నది. జోలపాటయు శోకగీతియు ఒక్కటియైన ఆ రచనను గేలిక్‌వారు తమ ఉత్తమ గేయములలో నొకటిగా నెంచుదురు.

ఆమె కుమారులలో నొకడైన అలస్డేర్ తరువాత నాయకుడయ్యెను. 1603 ఫిబ్రవరిలో లోమండ్ సరస్సునకు సమీపమున గ్లెన్ ఫ్రూయిన్ అనుచోట మాక్‌గ్రెగరులు కొహూన్ వంశీయులతో పోరాడి వారిని నూటికి పైగా వధించిరి. ఇది ఘోరకృత్యమే. దీనిని సమర్థించుట నా యుద్దేశము కాదు. కాని రాజు విధించిన శిక్ష యెట్టిది? ఇంగ్లండు సింహాసనము నధిష్ఠించుటకై బయలుదేరుటకు రెండుదినముల ముందు, 1603 ఏప్రిల్ 3వ తేదీన, ఆరవ జేమ్స్ ప్రభుత్వము మాక్‌గ్రెగర్ అను పేరునే రద్దు చేసెను. ఆ పేరు గలవారు వేఱొక పేరు పెట్టుకొనవలెను, కాదన్నచో మరణదండన. ఇంగ్లండునకు క్షేమముగా చేర్చెదనని అలస్డేరునకు మాట యిచ్చిన ఆర్గైల్ ప్రభువు, అతనిని సరిహద్దు దాటించి మాట చెల్లించుకొని, వెంటనే వెనుకకు తెచ్చి అప్పగించెను. 1604 జనవరిలో ఎడింబరో నగరమున అతనిని ఉరితీసిరి. తరువాతి యుత్తరువులు మఱియు విచిత్రమైనవి. ఒకప్పుడా పేరు ధరించినవారు నలుగురికి మించి గుమిగూడరాదు; మాంసము కోసికొనుటకు మొనలేని కత్తి తప్ప వేఱాయుధము పట్టరాదు.

పేరు మార్చుకొన్నంతమాత్రమున పోయినదేమి, ప్రాణము దక్కినది కదా యని కొందఱనవచ్చును. నే నంగీకరింపను. నేరము చేసినవానిని శిక్షించినచో ఆ శిక్ష వానితో ముగియును. పేరును శిక్షించినచో ఇంకను పుట్టనివాడు కూడ నేరస్థుడగును. గ్లెన్ ఫ్రూయిన్ నాటికి తల్లిగర్భమున నున్న శిశువు కొహూనులకు చేసిన అపకారమేమి?

మఱియొక విషయము. ఆ శాసనకర్తల దృష్టిలో మాక్‌గ్రెగర్ అనగా దొంగ. కాని అంతకు ముప్పాతిక శతాబ్దము ముందు, ఆ వంశమువాడే యైన జేమ్స్ మాక్‌గ్రెగర్ అను మతాచార్యుడు, తన సోదరుడు డంకన్‌తో కలిసి, ఫోర్టింగల్ గ్రామమున గేలిక్ కవుల పద్యములను సేకరించి వ్రాసి యుంచెను. ‘లిస్మోర్ డీను గ్రంథము’ అని పేరొందిన ఆ వ్రాతప్రతి స్కాట్లాండు గేలిక్ కవిత్వమునకు మిక్కిలి ప్రాచీనమును, అమూల్యమునైన నిధి. అది నేడు ఆ దేశపు జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. తాళపత్రములను వెదకి కాపాడిన మహనీయులను ఎఱిగిన మనకు ఆ సోదరులు చేసిన పని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. పశువులను తోలుకొనిపోయినవారి పేరును, పద్యములను కాపాడినవారి పేరును ఒక్కటే. శాసనమునకు ఈ భేదము తెలియదు.

వంశీయులు గ్రాంట్, మరే, డ్రమ్మండ్ మొదలగు పేర్లతో తలదాచుకొనిరి. 1661లో నిషేధము తొలగినది. 1693లో మరల వచ్చినది. అప్పుడే రాబ్ రాయ్ మాక్‌గ్రెగర్ తన తల్లి పుట్టింటిపేరైన క్యాంబెల్ అను పేరును ధరింపవలసి వచ్చెను. ఏ వంశము తమ నేలను ఆక్రమించెనో ఆ వంశము పేరే అతనికి రక్ష యయ్యెను. 1734లో అతడు మరణించెను. 1774లో గాని నిషేధము పూర్తిగా రద్దు కాలేదు. నడుమ ముప్పదిరెండేండ్ల విరామమును వదలినను, దాదాపు నూటనలుబదియేండ్లు ఒక పేరు నేరముగా నుండెను.

తరువాత గాలి మాఱినది. 1817లో సర్ వాల్టర్ స్కాట్ ‘రాబ్ రాయ్’ నవలను ప్రకటించుటతో నిషిద్ధనామము వీరనామమయ్యెను. 1822లో వంశనాయకుడు రాజానుమతితో మరే అను పేరును వదలి పూర్వనామమును స్వీకరించెను. నేడా పేరు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములందును వ్యాపించియున్నది. గ్రెగర్ నుండి పుట్టిన గ్రేగ్ అను రూపము నార్వే చేరి, అచ్చటి సంగీతకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ వలన లోకప్రసిద్ధమైనది. బాల్‌క్విడర్ గ్రామమున రాబ్ రాయ్ సమాధి వద్ద, ఎవరేమి చేసినను తాము మాక్‌గ్రెగరులమే యని యర్థమిచ్చు మాటలను ఇటీవలి కాలమువారు చెక్కించిరి.

ఆ గర్వమును నేను అర్థము చేసికొనగలను. అయినను నాకు స్కాట్ నవల కంటె, సమాధిమీది మాటల కంటె మేరియన్ గేయమే గొప్పదిగా తోచును. శాసనము ఒక పేరునంతటిని దొంగను జేసినది. నవల అదే పేరును వీరుని జేసినది. మేరియన్ మాత్రము ఒక మనుష్యుని కొఱకు ఏడ్చినది. తన పుట్టింటిపేరేమో, అతని పేరేమో ఆ దుఃఖమునకు అడ్డు రాలేదు.

ఉపాధ్యాయులమైన మనము ప్రతి ఉదయమును హాజరుపట్టీ తెఱచి పేర్లు పిలుతుము. ఇంటిపేరు వినగనే ఈ పిల్లవాడు చదువగలడనియో, చదువలేడనియో మనసులో నిర్ణయించుకొను దురలవాటు మనలో లేదని గట్టిగా చెప్పగలమా? పేరునకు వ్యుత్పత్తి చెప్పుదము, చరిత్ర చెప్పుదము. అది మన విధి. కాని ఆ పేరునకు పలుకుచు లేచి నిలుచున్న బాలుడెవడో, బాలిక యెవరో తలయెత్తి చూచిన పిమ్మటనే తక్కిన మాట.