పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా?

"మొండికేస్తోంది, నోరు తెరవట్లేదు." డిమెన్షియా ముదిరిన పెద్దవాళ్లున్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. మా నాన్నమ్మని చూడ్డానికొచ్చే చుట్టాలూ ఇదే అంటుంటారు.

పాపం, అందులో మొండితనం ఏమీ లేదు. మనం ముద్ద గుటుక్కున మింగేస్తాం గానీ, దాని వెనక నాలుకా, గొంతులోని బోలెడు కండరాలూ వరుసగా పనిచేయాలి. వాటిని నడిపించేది మెదడే. జబ్బు ముదిరేకొద్దీ ఆ వరుస తప్పుతుంది. నోట్లో ముద్ద ఉందన్న సంగతే మర్చిపోతారు. బుగ్గలో దాచేస్తారు. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఇలాంటి దశలో ఉన్న 323 మందిని 18 నెలలు గమనిస్తే, దాదాపు 86 శాతం మందికి తిండి సమస్యలొచ్చాయి.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి వదిలేస్తాం కదా. వీళ్ల విషయంలో అలా వదిలేయొద్దు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతు గురగురలాడినా, మాటిమాటికీ జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కి చెప్పండి. పంటినొప్పి, నోటిపూత, మలబద్ధకం, వాడే మందులు కూడా కారణం కావచ్చు.

మా ఇంట్లో పాటించేవి ఇవీ:

- నిటారుగా కూర్చోబెట్టాకే తినిపిస్తాం. తిన్నాక అరగంట పడుకోనివ్వం.
- మగతగా ఉంటే అసలు పెట్టం.
- చిన్న చెంచా. ముద్ద మింగారని చూశాకే ఇంకోటి.
- పల్చటి చారులో మెతుకులు తేలేలా కాకుండా, పెరుగన్నం మెత్తగా మెదిపి పెడతాం.
- టీవీ బంద్, ఫోన్ పక్కన.
- తిన్నాక బుగ్గల్లో ఏమైనా మిగిలిందేమో చూసి, నోరు శుభ్రం చేస్తాం.

నీళ్లు వేగంగా జారి తప్పుదారి పట్టొచ్చు. ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్తారు. అవును, మింగడాన్ని పరీక్షించేది కూడా వాళ్లే!

ఇక అసలు గొడవ ముక్కులో గొట్టం దగ్గర మొదలవుతుంది. "కడుపు మాడ్చి చంపుతారా?" అని మా అత్త అడిగింది. పది రోజులు మాతో మాట్లాడలేదు. ఆవిడ బాధ ప్రేమతోనే. కానీ ముదిరిన డిమెన్షియాలో గొట్టం వద్దనీ, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలనీ అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో స్పష్టంగా చెప్పింది. గొట్టం పెట్టినా లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆయుష్షు పెరుగుతుందన్న ఆధారాల్లేవు. పీకేసుకుంటారని చేతులు కట్టేయాల్సి వస్తుంది. పక్షవాతం వచ్చి కోలుకునేవాళ్లకి కొన్నాళ్లు పెట్టే గొట్టం సంగతి వేరు.

మేం వద్దనుకున్నాం. నాన్నమ్మ నాలుగు చెంచాలు తిన్న రోజులున్నాయి, ఏమీ ముట్టని రోజులూ ఉన్నాయి. బలవంతం మాత్రం చేయం. చివరి దశలో తిండి తగ్గడం జబ్బులో భాగమే అని డాక్టర్ చెప్పినా, మిగిలిన గిన్నె కడుగుతుంటే మనసు కలుక్కుమంటుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్లుంటే, ఆసుపత్రికి పరుగెత్తే రోజు రాకముందే ఈ గొట్టం సంగతి అందరూ కూర్చుని మాట్లాడుకోండి. డాక్టర్‌నీ అడగండి. వృద్ధుల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది. ఇంకో మాట. తినిపించడానికి ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది, ఆ పని దాదాపు ఎప్పుడూ అమ్మ మీదే పడుతుంది. రోజుకో పూట మీరు తీసుకోండి.