మీటరు దాకానేనా బాధ్యత?

తొలకరి చినుకులు పడగానే జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త మొదలవుతుంది. ఏడాదికేడాది ఊరు మారుతుంది, పేర్లు మారతాయి, కథ మాత్రం మారదు. ఉతికిన బట్టలు ఆరేస్తూ ఇల్లాలు కరెంటు షాక్‌తో కుప్పకూలింది. పట్టి లాగబోయిన భర్త కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. వార్తలో ఎక్కడో ఒకచోట 'ప్రమాదవశాత్తు' అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ మాటతో దర్యాప్తు, చర్చ రెండూ ముగిసిపోతాయి.

2022 జులైలో కామారెడ్డిలోని బీడీ కార్మికుల కాలనీలో ఇలాగే ఒకే ఇంట్లో నలుగురు పోయారు. దంపతులు, వారి ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రోజు టీవీల్లో గంటల తరబడి చూపించారు. తర్వాత వానాకాలానికి ఇంకో ఊరి పేరు వచ్చింది.

పూర్వం దండెమంటే వెదురు బొంగో, కొబ్బరి తాడో. ఇప్పుడది ఇనుప తీగ. ఒక కొస కిటికీ ఊచకో, రేకుల షెడ్డు పైపుకో కడతారు. రెండో కొస ఏది దొరికితే దానికి. ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు కూడా చాలాసార్లు ఆ పైపునే ఒరుసుకుంటూ పోతుంది. గాలికి ఊగి ఊగి, ఎండకు పగిలి పగిలి, దాని పైతొడుగు ఒకచోట అరుగుతుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. వాన పడి గోడ, రేకు, తీగ అన్నీ తడిసిన రోజున కరెంటుకు దారి దొరుకుతుంది. తడి బట్ట, తడి చేయి, తడి నేల మీద ఒట్టి కాళ్లు. ఇంక కావలసిందేముంది?

'ఇనుప తీగలు వాడకండి' అని విద్యుత్ శాఖ ఏటా చెబుతూనే ఉంది. చెప్పడం తేలికే. నైలాన్ తాడు రెండు ఎండాకాలాలకు పెళుసెక్కి తెగుతుంది, తడి దుప్పటి వేస్తే నేలదాకా సాగుతుంది. ఆ మాట బట్టలు ఉతికేవాళ్లను అడిగితే తెలుస్తుంది. అయినా నైలాన్ తాడే కట్టుకోవాలి, సందేహం లేదు. కానీ తప్పంతా దండెం మీద, దండెం కట్టిన ఆడమనిషి మీద తోసేస్తే అసలు ప్రశ్న పక్కకు పోతుంది. తీగలోకి కరెంటు వచ్చింది సరే. వచ్చిన మరుక్షణం అది ఆగిపోయే ఏర్పాటు ఆ ఇంట్లో ఎందుకు లేదు?

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. ఒంట్లోంచి పది, పదిహేను మిల్లీయాంపియర్ల కరెంటు పోతే కండరాలు బిగుసుకుని, పట్టుకున్నది వదలడం చేతకాదు. వంద మిల్లీయాంపియర్ల దగ్గర గుండె లయ తప్పుతుంది. ఇళ్లలో సాధారణంగా కనిపించే ఎంసీబీ 16 యాంపియర్లది. అంటే 16 వేల మిల్లీయాంపియర్లు. మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కరెంటుకు నూటయాభై రెట్లు పారినా ఆ స్విచ్చు కిందకు పడదు. దాని పని వైర్లు కాలకుండా చూడటం. మనుషుల సంగతి దానికి తెలియదు. బోర్డులో నాలుగు స్విచ్చులు వరసగా కనిపిస్తే 'మా ఇంట్లో ట్రిప్పర్లు ఉన్నాయి' అని ధీమాగా ఉంటారు చాలామంది.

మనుషుల కోసం చేసినది వేరే ఉంది. దాని పేరు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎడతెగకుండా తూకం వేస్తుంటుంది. తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరిందంటే ఎక్కడో నేలలోకో, మనిషి ఒంట్లోకో కారుతోందని అర్థం. కనురెప్ప పాటులో సరఫరా తెంచేస్తుంది. మనిషికి జిల్లుమంటుంది, ప్రాణం మాత్రం నిలుస్తుంది. ఖరీదు రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. ముందువైపు 'టీ' అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కితే స్విచ్చు టక్కున పడాలి. పడకపోతే మార్చాలి. ఆ మీట ఎందుకుందో తెలియని ఇళ్లు, తెలిసినా ఒక్కసారీ నొక్కని ఇళ్లు కోకొల్లలు.

ఇది ఉండాలని నిబంధన లేకపోలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం గృహ కనెక్షన్లకు 30 మిల్లీయాంపియర్లు మించని లీకేజీ రక్షణ ఉండాలి. అయితే 2 కిలోవాట్లలోపు లోడున్న చిన్న కనెక్షన్లను అదే నిబంధన మినహాయించింది. ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక టీవీ ఉన్న రేకుల ఇళ్లు దాదాపు అన్నీ ఆ మినహాయింపులోకే వస్తాయి. ఇనుప దండెం ఉండేదీ, సర్వీసు వైరు పైపును ఒరుసుకునేదీ, నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేదీ ఆ ఇళ్లలోనే. రక్షణ ఎక్కువ అవసరమైనవాళ్లనే నిబంధన గడప అవతల నిలబెట్టింది.

పెద్ద ఇళ్లయినా పూర్తిగా గట్టున పడ్డాయనుకోవడానికి లేదు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో తెల్లవారిన కొద్దిసేపటికే మంటలు లేచి ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. ఆ పాత భవనంలోకి వెళ్లడానికీ, బయటపడటానికీ ఉన్నది ఇరుకైన దారి. షార్ట్‌సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా భావించారు.

దేశంలో కరెంటు షాక్‌తో 2021 ఒక్క ఏడాదిలోనే 12 వేల మందికి పైగా చనిపోయారని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క. పొలాల్లో మోటార్ల దగ్గర, స్తంభాల దగ్గర పోయినవాళ్లూ ఇందులో ఉన్నారు. ఇంట్లో పోయేవాళ్ల కథలు అందరికీ తెలిసినవే. ప్లగ్గు లేక రెండు వైర్లను సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం. బకెట్లో హీటరు రాడ్డు ఉండగానే నీళ్లు కాగాయా అని వేలు ముంచి చూడటం. నడుస్తున్న కూలర్లో చెంబుతో నీళ్లు పోయడం. త్రీపిన్ ప్లగ్గులో లావుపాటి పిన్ను అడ్డమొస్తోందని విరగ్గొట్టడం. ఆ పిన్నే ఎర్త్ అని ఎవరూ చెప్పి ఉండరు.

గ్యాస్‌తో ఒకసారి పోల్చి చూడాలి. సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. దానికి సొంత వాసన లేదు కాబట్టి, కారితే తెలియాలని కంపు కొట్టే మందు కలుపుతారు. తిరిగి పరీక్షించాల్సిన గడువును సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో, పక్కన ఏడాది అంకెతో రాస్తారు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, అలా మూడేసి నెలలు. నారింజ రంగు సురక్షా పైపుకు ఐదేళ్ల గడువు. లీకైతే పిలవడానికి 1906. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే మనిషికి 6 లక్షల రూపాయల బీమా, దానికి వినియోగదారుడు పైసా కట్టక్కర్లేదు. ఇవన్నీ సవ్యంగా నడుస్తున్నాయని కాదు. సిలిండరు తెచ్చిన అబ్బాయి సీలు తీసి లీకు చూపించాలి. అతను మెట్ల కిందే దింపేసి పోతాడు, ఇంటివాళ్లూ అడగరు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. రాత్రంతా కారిన గ్యాస్ మధ్య తెల్లారుజామున లైటు వేసి పేలిపోయిన ఇళ్లెన్నో. పొయ్యి ఆగ్నేయంలో ఉందో లేదో కొలతలు పెట్టి చూసుకునేవాళ్లు రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టేశారో లేదో చూసుకోరు.

అయినా ఒక తేడా ఉంది. గ్యాస్ కంపెనీ బాధ్యత, కనీసం కాగితం మీద, పొయ్యి దాకా వస్తుంది. కరెంటు శాఖ బాధ్యత మీటరు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపలంతా ఇంటివాళ్ల తలనొప్పి. ఇల్లు అద్దెదైతే ఆ తలనొప్పికి దిక్కే లేదు. 'గోడ తడితే జిల్లుమంటోందండీ' అని అద్దెకున్నవాళ్లు చెబితే 'చెప్పులేసుకుని ముట్టుకోండి' అనే ఓనర్లున్నారు. అడ్వాన్సు, పెయింటింగు, నీళ్ల మోటారు బిల్లు అన్నీ రాసుకునే అద్దె ఒప్పందంలో ఎర్తింగ్ గురించి ఒక్క వాక్యం ఉండదు.

ఆర్‌సీసీబీ పెట్టించినా మాటిమాటికీ పడిపోతుందని కొందరు ఎలక్ట్రీషియన్ల ఫిర్యాదు. నిజమే, పాత వైరింగులో పడుతుంది. దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తే సమస్య 'తీరిపోతుంది'. కారుతున్న వైరు గోడలో అలాగే ఉంటుంది.

డబ్బెవరు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు పాత అనుభవంలోనే ఉంది. ఎల్‌ఈడీ బల్బును కేంద్ర ప్రభుత్వ సంస్థ 2014 ఆరంభంలో 310 రూపాయలకు కొనేది. కోట్ల సంఖ్యలో ఒక్కసారే కొనేసరికి మూడేళ్లలోపే ఆ ధర 40 రూపాయల లోపుకు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలే ఆ బల్బులను వినియోగదారులకు అందించాయి. కరెంటు ఆదా అవుతుందంటే చేయగలిగిన పనిని ప్రాణాలు నిలుస్తాయంటే చేయలేరా? టోకున కొంటే రెండు వేల రూపాయల పరికరం ధర కూడా దిగకపోదు. దిగకపోయినా, నెలకు 50 రూపాయల చొప్పున బిల్లులో కలిపితే నలభై నెలల్లో తీరిపోతుంది. పేదలకైతే ఆ భారాన్ని ప్రభుత్వమే మోయవచ్చు. 2 కిలోవాట్ల మినహాయింపు ఎత్తేసి, మీటరు పెట్టిన చేత్తోనే దాని పక్కన ఆర్‌సీసీబీ కూడా బిగించమని డిస్కంలను ఆదేశించాలి. మొదటి విడతకు ఊళ్లు వెతకనక్కర్లేదు. గత పదేళ్లలో దండెం తీగలు ప్రాణాలు తీసిన కాలనీల చిరునామాలు పోలీసు స్టేషన్ల రికార్డుల్లో 'ప్రమాదవశాత్తు' అన్న మాట పక్కనే ఉన్నాయి.