సరంబీ వెనుక ఏముంది?



ఈ మధ్య అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు గృహప్రవేశ ప్రార్థనలకు వెళ్తే, హాలులో టీవీ ఉన్న గోడకు చెక్క పలకలు ఎక్కువగా కనబడుతున్నాయి. ఉన్నవారు టేకు వేయిస్తున్నారు, మధ్యస్థులు ప్లైవుడ్ మీద మైకా అంటిస్తున్నారు, ఇంకా తక్కువలో కావాలంటే చెక్కలా కనబడే పీవీసీ షీట్లున్నాయి. "అయ్యగారూ, ఇది ఆడంబరమా? విశ్వాసి ఇంట్లో ఉండొచ్చా?" అని కొందరు అడుగుతున్నారు.

మన తెలుగు బైబిలులో దీనికి ఒక పాత మాటే ఉంది: సరంబీ. హగ్గయి 1:4లో చూడండి. అక్కడి హెబ్రీ మాటకు కప్పడం అనే అర్థం ఉంది. కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాము. చెక్క పాపం కాదు. ఆ చెక్క దేన్ని కప్పుతోందన్నదే ప్రశ్న.

ముందుగా, అందం దేవునికి విరోధం కాదు. సొలొమోను కట్టించిన మందిరం లోపల రాయి కనబడకుండా గోడలన్నీ దేవదారు పలకలతో కప్పారని 1 రాజులు 6వ అధ్యాయంలో చదువుతాము. ఆ మ్రానులు లెబానోను నుండి తెప్పలుగా సముద్రం మీద వచ్చాయి. మన గోదావరి మీద కూడా ఒకప్పుడు ఏజెన్సీ టేకు తెప్పలుగానే దిగివచ్చేది. కోనసీమలోని పాత మండువా లోగిళ్ల స్తంభాలను చూస్తే ఆ పనితనం నేటికీ ముచ్చటేస్తుంది. మన ప్రభువును కూడా ఊరివారు వడ్లవాడనే పిలిచారు (మార్కు 6:3). వడ్రంగం పనిని తక్కువగా చూసే హక్కు మనకు లేదు.

అయితే మన నేల సంగతి వేరు. కాలువలు, చేలు, కొబ్బరితోటల మధ్య మన ఇళ్లు. నీరు భూమికి దగ్గరలోనే ఉంటుంది. ఇటుక ఆ చెమ్మను పైకి పీలుస్తుంది. గోడ మీద ఉప్పు తెల్లగా పూస్తుంది, సున్నం పెచ్చులూడుతుంది. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల ఇళ్లలోకి గోదావరి ఎలా వచ్చిందో మనమంతా చూశాము. అలాంటి గోడ మరకను దాచడానికి పలకలు కొట్టిస్తే ఏమవుతుంది? గాలి ఆడక చెమ్మ లోపలే ఉండిపోతుంది. ప్లైవుడ్ ఉబ్బుతుంది, బూజు పడుతుంది, చెదలు వెనుకనుండి తినుకుంటూ వస్తాయి. పీవీసీ షీటు తాను తడవదు గాని, దాని వెనుక గోడ పాడవుతూనే ఉంటుంది.

లేవీయకాండము 14వ అధ్యాయంలో దేవుడు ఇంటి గోడల గురించి మాట్లాడాడు. గోడలో పచ్చగానో ఎర్రగానో మచ్చలు కనబడితే యాజకుని పిలవాలి. అతడు ఇల్లు ఖాళీ చేయించి, చూసి, ఏడు రోజులు మూయించాలి. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్లు తీయించి, గోడ గీయించి, కొత్త అడుసు పూయించాలి. కప్పివేయమని మాత్రం ఎక్కడా లేదు. కనుక పలకలు వేయించేముందు ఒక ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటిబొట్లు కనబడితే ముందు గోడను బాగుచేయించండి. గోడ ఆరాక కూడా రీపర్లు కొట్టి, గాలి ఆడే సందు వదిలి, పలక అంచు నేలకు తగలకుండా బిగించమని మేస్త్రీకి చెప్పండి.

రెండవది, కూలి. యెహోయాకీము రాజు విశాలమైన మేడ కట్టించి, దేవదారు పలకలు వేయించి, ఎర్రరంగు పూయించాడు. యిర్మీయా 22వ అధ్యాయంలో దేవుడు అతన్ని గద్దించింది పలకల కోసం కాదు, పనివారికి జీతమియ్యనందుకు. అతని తండ్రి యోషీయా కూడా తిని త్రాగినవాడే, అయినా దీనులకు న్యాయం చేశాడు. దేవుని ఎరుగుట అంటే అదేనని ప్రవక్త చెబుతున్నాడు. పండుగకు ముందు హడావుడిగా పని చేయించుకుని, మిగిలిన బాకీకి వడ్రంగిని నెలల తరబడి తిప్పే విశ్వాసి ఉంటే, ఆ గోడ ముందు కుటుంబ ప్రార్థన ఎలా చేస్తాడు? యాకోబు 5:4 ఒకసారి చదవండి. మన ఊళ్లలో చాలా గోడలు కువైట్‌లోనో మస్కట్‌లోనో మరొకరి ఇల్లు తుడుస్తున్న తల్లి పంపిన డబ్బుతో లేచినవి. ఆమె అప్పు తీరకముందే గోడకు అలంకారం అవసరమా? ఇంట్లో ఉన్నవారు ఆలోచించాలి.

మూడవది మా సేవకులకు సంబంధించినది. హగ్గయి మాట వచ్చింది క్రీ.పూ. 520లో, దర్యావేషు రాజు ఏలుబడి రెండవ సంవత్సరంలో. చెర నుండి తిరిగివచ్చినవారు మందిరానికి పునాది వేసి పని ఆపేశారు, తమ ఇళ్లకు మాత్రం సరంబీ వేయించుకున్నారు. ఈ భాగం చదివి చందా పుస్తకం తెరవడం మాలో మామూలైపోయింది. చందా తప్పు కాదు, వాన కురిసే చర్చికి కప్పు వేయాల్సిందే. కానీ క్రొత్త నిబంధనలో దేవుని మందిరం మీరే (1 కొరింథీ 3:16). వేదిక వెనుక గోడకు టేకు పలకలు వేయించి, అదే సంఘంలో ఒక విధవరాలి తాటాకు కప్పు కారుతుంటే పట్టించుకోకపోతే, హగ్గయి గద్దింపు ముందుగా మాకే తగులుతుంది. ఆమె ఇల్లే పాడైయున్న మందిరం.

ప్రియులారా, మీ ఇల్లు అందంగా ఉండాలనే మేము ప్రార్థిస్తాము. పలకలు వేయించుకోండి. అయితే గోడ ఆరనివ్వండి, మేస్త్రీ బాకీ పూర్తిగా చెల్లించండి, మీ వీధిలో కారుతున్న ఒక కప్పు కోసం కొంత తీసిపెట్టండి. తర్వాత ప్రార్థనకు పిలవండి, సంతోషంగా వస్తాము.

దేవుడు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.