పైనున్న ఊళ్ళకు ఏమిస్తారు?

ఎయిర్‌పోర్టు నుంచి ఆరాంఘర్ వైపు వచ్చే బెంగళూరు హైవే పక్కన, గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు దాని కట్ట తెగింది. నీళ్ళు హైవే మీదకు ఎక్కాయి. బళ్ళు కొట్టుకుపోయాయి, మనుషులు కొట్టుకుపోయారు, ప్రాణాలు పోయాయి. అదే వానకు హిమాయత్‌సాగర్ జలాశయం నిండి, పదేళ్ళ తర్వాత మొదటిసారి గేట్లు ఎత్తాల్సి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 2024 ఆగస్టు చివర్లో, చెరువుల ఆక్రమణలు తొలగించడానికి కొత్తగా ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా జేసీబీలతో వచ్చి అప్ప చెరువులో లేచిన షెడ్లను కూలగొట్టింది.

కూల్చడం తప్పని నేననను. కానీ శంషాబాద్ చుట్టుపక్కల నీటి విషయంలో మన ప్రభుత్వాలకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన పనులు రెండే అనిపిస్తుంది. ముందు ఒక నిషేధం పెట్టడం, అది ఎవరూ పాటించకపోతే చాలా ఏళ్ళ తర్వాత కూలగొట్టడం. ఈ రెండింటి మధ్యా జరగాల్సిన పని ఒకటుంది. వాన ఎక్కడ పడుతుంది, ఏ వాగు గుండా వస్తుంది, ఆ వాగును కాపాడే రైతుకు ఏం దక్కాలి అని లెక్కగట్టి, దానికి డబ్బు కేటాయించడం. ప్రణాళిక అంటే అదీ. అది మాత్రం ఈరోజు వరకూ జరగలేదు.

111 జీవో గురించి ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. 1996 మార్చి 8న వచ్చింది. హైదరాబాద్ నగరానికి తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పూర్తి నీటిమట్టం నుంచి పది కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదని చెప్పింది. 84 ఊళ్ళు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్, మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, రాజేంద్రనగర్ వైపు ఊళ్ళివి. మొత్తం 1 లక్షా 32 వేల ఎకరాల పైచిలుకు. ఆనాటికి ఎయిర్‌పోర్టు లేదు, ఔటర్ రింగ్ రోడ్డు లేదు. జొన్న చేలు, కూరగాయ తోటలు, మొయినాబాద్ వైపు పూలతోటలు ఉండేవి.

ఆ జీవోకు మొదటి పరీక్ష శంషాబాద్ మండలంలోనే ఎదురైంది. పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ 1993లో పన్నెండు ఎకరాలు కొంది. ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతామంది. వ్యర్థాల్లో వాడేసిన నికెల్ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వనంది. 111 జీవో జారీ చేసిన రాష్ట్ర ప్రభుత్వమే 1997 జులై 3న, అంటే పదహారు నెలలు తిరిగేసరికి, ఆ కంపెనీకి మినహాయింపు ఇస్తూ ఇంకో జీవో తీసింది. మండలి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పు, 2000 డిసెంబరు 1న వచ్చిన రెండో తీర్పు, ఈ రెండూ దేశమంతటా పర్యావరణ చట్టం చదివే పిల్లలకు ఇప్పుడు పాఠాలు. హాని జరగదని రుజువు చేయాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే అని కోర్టు తేల్చింది. తాగునీరు ప్రాణహక్కులో భాగమంది. యాభై లక్షల మంది తాగే నీళ్ళ విషయంలో మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదంది. నీళ్ళ గురించి ఇంత పెద్ద మాట మన పెద్దషాపూర్ వల్ల పుట్టింది. ఆ ఊళ్ళో దాన్ని గుర్తుచేసే బోర్డు ఒకటి ఉంటే బాగుండునని నా కోరిక.

తీర్పు ఒక ఫ్యాక్టరీని ఆపింది. ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైన తర్వాత వచ్చినవాటిని ఆపలేకపోయింది.

ఎలా వచ్చాయో దగ్గరగా చూద్దాం. ఒక కుంట ఉంటుంది. దాని పైన నాలుగైదు పొలాలు, వాటి మధ్యగా మూడు బారల వెడల్పు వాగు. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటుంది, తుమ్మ చెట్లు మొలిచి ఉంటాయి. పొలం కొన్నవాడు జేసీబీ పెట్టి నేల చదును చేస్తాడు. వాగు మీదుగా నలభై అడుగుల మట్టిరోడ్డు వేసి, కింద రెండు సిమెంటు పైపులు పెడతాడు. నీళ్ళకు దారి వదిలామని కాగితం మీద చూపడానికి అవి చాలు. రెండు వానలకు ఆ పైపులు మట్టితో పూడిపోతాయి. కుంటకు నీరు రాదు. మూడేళ్ళు ఎండిన కుంట శిఖం భూమిని పక్కవాడు కొంచెం కొంచెంగా కలుపుకుంటాడు. ఈలోగా పైన ఫాంహౌస్ వచ్చింది, దాని పక్కన ఫంక్షన్ హాల్ వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రికి వెయ్యి మంది భోజనం చేసే చోట మురుగుకు ఉన్నది ఒక సెప్టిక్ ట్యాంకు, ఒక ఇంకుడు గుంత. ఆ గుంత నిండితే పొంగి పల్లానికి పోతుంది. పల్లంలో ఉన్నది చెరువు.

మురుగులోని నత్రజని, భాస్వరం నీళ్ళలో చేరితే నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది. శుద్ధి చేయడానికి క్లోరిన్ ఎక్కువ పోయాలి. ఒకసారి అడుగు బురదలో చేరిన భాస్వరం పైనుంచి మురుగు ఆపినా ఏళ్ళ తరబడి నీళ్ళలోకి వస్తూనే ఉంటుంది. అందుకే చెరువును పాడయ్యాక బాగుచేయడం కన్నా పాడవకుండా కాపాడుకోవడం ఎన్నో రెట్లు చవక. ఈ సంగతి మన అధికారులకు తెలియక కాదు.

2022 ఏప్రిల్ 12న 69 జీవో వచ్చింది. 111 ఆంక్షలు తీసేస్తున్నామంది. కారణం చెప్పింది: ఒకప్పుడు నగర నీటి అవసరాల్లో నాలుగో వంతుకు పైగా తీర్చిన ఈ రెండు జలాశయాలు ఇప్పుడు 1.25 శాతం కూడా తీర్చడం లేదు, నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. ఇప్పుడు ఆ ఊళ్ళలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని అడిగితే తలో మాట చెబుతారు. ఈ గందరగోళంలో లాభపడేది ఎవరో శంషాబాద్ చౌరస్తాలో టీ తాగే ఎవరైనా చెప్పగలరు.

ఆ 1.25 శాతం వాదనకు జవాబు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని నమ్ముతున్నారు. మొదటిది, ఈ జలాశయాలను కట్టింది తాగునీటి కోసం మాత్రమే కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ఆలోచనతో పైన రెండు కట్టలు లేచాయి, మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. వరదను ఆపడం వాటి మొదటి పని. పైన నేలంతా సిమెంటు చేస్తే ఇంకాల్సిన వాన ఇంకకుండా ఒక్కుమ్మడిగా కట్ట మీదకు వస్తుంది, గేట్లు ఎత్తడం తప్ప దారి ఉండదు. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది, ప్రయాణికులను తాళ్ళతో బయటికి తెచ్చారు.

రెండోది ఎత్తు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. హిమాయత్‌సాగర్‌ది 1,763 అడుగులు. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా తెచ్చి, వెయ్యి అడుగుల పైకి మోటార్లతో తోడుతున్నాం. గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్ళు మాత్రం వందేళ్ళ క్రితం కట్టిన కాలువలో కరెంటు ఖర్చు లేకుండా వాటంతట అవే ఆసిఫ్‌నగర్ దాకా నడిచి వస్తాయి. పైగా, 2025 సెప్టెంబరులో శంకుస్థాపన చేసిన 7,360 కోట్ల రూపాయల గోదావరి పథకం ఉద్దేశాల్లో ఒకటి ఈ రెండు జలాశయాలకు గోదావరి నీళ్ళు తెచ్చి మూసీలో పారించడం. అంత దూరం నుంచి అంత ఖర్చుతో తెచ్చిన మంచి నీళ్ళను పోయబోయే పాత్ర ఇది. దాని చుట్టూ మురుగు ఊరడానికి అనుమతిద్దామా?

ఇంతవరకూ పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు చెప్పేదే నేనూ చెప్పాను. ఇక్కడి నుంచి వాళ్ళతో నాకు పేచీ ఉంది.

111 జీవో కిందికి వచ్చిన ఊళ్ళ రైతు కోపంలో న్యాయం ఉంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న గండిపేట అవతలి ఊరి రైతు తన పొలంలో కొడుక్కి ఇల్లు కట్టాలంటే అనుమతి కోసం తిరగాలి, బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్మితే సగం ధర కూడా రాదు. నగరం తాగే నీటికి కాపలా కాసినందుకు ఈ ముప్పై ఏళ్ళలో అతనికి ఎవరైనా రూపాయి ఇచ్చారా? ఇవ్వలేదు. ఆస్తి విలువంతా అతని దగ్గర తీసుకుని, నీళ్ళు మాత్రం మనం తాగాం. అతను విసిగి దొడ్డిదారిన అమ్ముకుంటే ప్రకృతి ద్రోహి అన్నాం. కొన్నవాడు ఎత్తు గోడ కట్టుకుని ఫాంహౌస్‌లో హాయిగా ఉన్నాడు, ఆ గోడ జోలికి ఏళ్ళ తరబడి ఎవరూ వెళ్ళలేదు.

న్యూయార్క్ నగరం ఈ లెక్కను వేరేగా వేసుకుంది. అక్కడ తాగునీళ్ళు కొండప్రాంతం నుంచి, పశువుల పెంపకం ఉన్న పల్లెల మీదుగా వస్తాయి. 1990లలో నీటి నాణ్యత నియమాలు కఠినమయ్యాయి. వడపోత కేంద్రం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైనే అవుతుందని తేలింది. 1997లో నగరం ఆ పల్లెలతో ఒప్పందం చేసుకుంది. సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి, పేడ వాగులో కలవకుండా కొట్టాలు కట్టడానికి నగరం డబ్బిచ్చింది. ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గరే భూమి కొంది. దాదాపు కోటిమంది తాగే నీటిలో ఎక్కువ భాగం నేటికీ వడపోత లేకుండానే వెళుతోంది. అక్కడి పల్లెలు కూడా మొదట్లో నగరాన్ని తిట్టిపోశాయి. డబ్బు, మాట రెండూ నిలబడ్డాక దారికి వచ్చాయి.

మనకు ఇంకా సులువు. రైతుభరోసా కింద ప్రతి పట్టా రైతు ఖాతా ప్రభుత్వం దగ్గర ఉంది, ఎకరానికి ఏడాదికి 12 వేలు వేస్తామని 2025 జనవరిలో మొదలుపెట్టారు. ఈ 84 ఊళ్ళలో వాగును, కుంటను చెడగొట్టకుండా సాగు చేసే రైతుకు దానిపై మరో 12 వేలు కలపండి. మొత్తం 1.32 లక్షల ఎకరాలకూ ఇచ్చినా ఏడాదికి 160 కోట్ల లోపే. నగరంలో నల్లా ఉన్న ప్రతి ఇంటి బిల్లు నుంచి నెలకు కొద్దిపాటి మొత్తం దీనికి పక్కన పెడితే చాలావరకు వచ్చేస్తుంది. ఎకరం కోట్లు పలికే చోట 12 వేలకు ఎవరూ ఆగరని నాకూ తెలుసు. రోడ్డు పక్క భూములవాళ్ళకు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇవ్వాలి. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్ళకు మన మున్సిపల్ శాఖ ఇప్పటికే ఇస్తున్నదే అది. రైతు తన పొలంలో కట్టుకోలేని అంతస్తుల హక్కును కోకాపేటలో కట్టేవాడికి అమ్ముకుంటాడు. బిల్డరు డబ్బు రైతుకు చేరుతుంది, నేల నేలగానే ఉంటుంది.

కాపాడాల్సింది కూడా మొత్తం పది కిలోమీటర్ల గుండ్రం కాకపోవచ్చు. కంపాస్ పెట్టి గీసిన ఆ గీతలో వాన జలాశయం వైపు పారని నేల కూడా ఉంది. గీతకు అవతల, షాబాద్ పైన, ఈసీలో కలిసే వాగులకు మాత్రం రక్షణ లేదు. వాన పారే దారిని బట్టి పటం మళ్ళీ గీయాలి. ఆ పని చేయగల ఎన్‌జీఆర్‌ఐ, రిమోట్ సెన్సింగ్ కేంద్రం రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. భూమి, నీరు, చెట్టు కాపాడటానికి 2002లోనే వాల్టా చట్టం చేసుకున్నాం. ఆ చట్టం కింద ఈ పటానికి బలం ఇవ్వవచ్చు. ఇప్పటికే లేచిన ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు, కాలేజీలు తమ మురుగును అక్కడే శుద్ధి చేయాలి, చేయకపోతే కరెంటు తీసేయాలి. దీనికి మినహాయింపులు వద్దు. పెద్దషాపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే.

ముఖ్యమంత్రి గారికి, మున్సిపల్, రెవెన్యూ శాఖలకు నా విన్నపం ఒక్కటే. 111 ఉందా లేదా అన్న ప్రశ్నకు ముందు లిఖితపూర్వకంగా జవాబివ్వండి. వచ్చే వానాకాలం లోపు ఈ 84 ఊళ్ళ వాగులు, కుంటలకు హద్దురాళ్ళు పాతి, ఆ పటాన్ని ప్రతి గ్రామ పంచాయతీలో, వార్డు ఆఫీసులో గోడకు పెట్టండి. వచ్చే బడ్జెట్‌లో ఆ ఊళ్ళ రైతుల పేరున ఒక పద్దు తెరవండి.