మందు అంటే మందేనా?

పోలండ్ కవి యూలియన్ తువిమ్ 1935లో తాగుబోతుల మాటలతో ఏకంగా ఓ నిఘంటువే వేశాడు. మన అల్లూరు బస్టాండులో ఓ సాయంత్రం నిలబడితే మీరూ ఒకటి రాయొచ్చు: మందేశాడు, చుక్కేశాడు, ఫుల్లు, టైటు, కిక్కెక్కింది. 'తాగాడు' అన్న మాట ఎక్కడా రాదు, గమనించారా? ఒళ్లు గుల్ల చేసేదానికి మందు అని పేరు! సర్కారూ తక్కువేం తినలేదు. ఒకప్పుడు సారా సరఫరాకి 'వారుణి వాహిని' అని పేరు పెట్టింది, అదేదో తాగునీటి పథకం అన్నట్టు.

మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు ఈ ముద్దుపేర్లకి లొంగలేదు. రాత్రి బడిలో చదువుకుని, సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

ఇక మీ సంగతి. 'రెండు పెగ్గులే బ్రో, టైటు కాలేదు' అంటూ బైకెక్కితే బ్రీత్ అనలైజర్‌కి ఆ భాష రాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే దాని లెక్క. దాటితే మొదటిసారికే 10 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. ఆ తర్వాత సర్కారు కొలువు వచ్చినా, కేసుల వివరాలు అడిగే కాగితం ఒకటి నింపాలి. అందులో 'జస్ట్ చుక్కేశాం' అని రాయడానికి గడి ఉండదు.