రూ.35 వేలు పోగా

జగిత్యాల బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు. పరీక్ష పేరు ఈఏపీసెట్ అని మారినా జనం నోట ఇంకా ఎంసెట్టే. ఒక సాయంత్రం మా బంధువుల పిల్లవాడికి వెబ్ ఆప్షన్లు పెట్టించడానికి వెళ్లి, వంతు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఒక తండ్రీ కూతురూ. ఆయన దుబాయిలో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చి, ఉన్న రెండెకరాలు చేసుకుంటున్నాడు. అమ్మాయిది బీసీ కేటగిరీ, ముప్పై వేలు దాటిన ర్యాంకు. ఒళ్లో లాంగ్ నోట్‌బుక్కు. అందులో కాలేజీ కోడ్‌లు వరసగా నీలం పెన్నుతో రాసుకొచ్చింది. మొదటి పేజీ నిండా హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలే. ప్రతి కోడ్ ఎదురుగా సీఎస్ఈ, లేదా అందులోనే ఏఐ, డేటా సైన్స్ కలిపిన సీఎస్ఎం, సీఎస్‌డీ.

ఆ పేజీలో ఫీజు అన్న గడి లేదు. ఎందుకు రాసుకోలేదని అడిగాను. కూతురి బదులు తండ్రే చెప్పాడు: "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది గద సారూ. ఫీజుతోని మనకేం పని?"

ఆ మాట విని నాకు గుండె గుభేలుమంది. ఆ సెంటర్లో ఉన్నవాళ్లలో సగం మంది అదే నమ్మకంతో ఆప్షన్లు పెడుతున్నారు.

అమ్మాయి నోట్‌బుక్కు చివరి పేజీ తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. ఆమె మొదటి ఆప్షన్‌గా రాసుకున్న కాలేజీలో కన్వీనర్ కోటా ఫీజు ఏడాదికి రూ.1,10,000. తెలంగాణలో ర్యాంకు పదివేల లోపు ఉంటే ప్రభుత్వం మొత్తం ఫీజు కడుతుంది. పదివేలు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకు సాధారణంగా ఇచ్చేది రూ.35 వేలే. అది పోగా ఏటా రూ.75 వేలు ఇంట్లోంచి కట్టాలి. స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అంటూ మరో పదివేలు వేసుకున్నాం. హాస్టల్‌కు నెలకు ఎనిమిది వేల చొప్పున పది నెలలకు రూ.80 వేలు. మొత్తం ఏడాదికి రూ.1,65,000. నాలుగేళ్లకు రూ.6,60,000. ల్యాప్‌టాప్, పుస్తకాలు, పండుగలకు వచ్చిపోయే ఖర్చులు ఇందులో లేవు.

తండ్రి ఆ అంకెను చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "ఎకరం అమ్ముత సారూ. బిడ్డ సదువు కన్న ఎక్కువనా?" అన్నాడు. "వద్దు బాపూ" అంది ఆ పిల్ల. అంతవరకూ నోరు విప్పని అమ్మాయి ఆ ఒక్క మాటే అంది.

అదే పేజీలో, ఆ అంకె పక్కనే రెండో లెక్క వేశాం. సొంత జిల్లాలో ఫీజు రూ.60 వేలున్న ప్రైవేటు కాలేజీ. రీయింబర్స్‌మెంట్ పోగా పాతిక వేలు, ఇతర ఫీజులు పదివేలు. హాస్టల్ అవసరం లేదు. ఆడపిల్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. నాలుగేళ్లకు రూ.1,40,000. రెండు లెక్కలకూ తేడా అయిదు లక్షల ఇరవై వేలు. ఆ ఇంటికి అది ఎకరం భూమి. ఇక కొండగట్టు పక్కన నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ కాలేజీలో రెగ్యులర్ సీటు వస్తే ఖర్చు అంతకన్నా తగ్గుతుంది. ఆ కాలేజీ కోడ్ ఆమె నోట్‌బుక్కులో ఎక్కడా లేదు. వాళ్ల ఊరి నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరం.

ఎందుకు లేదంటే, సీట్లు నింపడానికి తిరిగే పీఆర్వో యూనివర్సిటీ కాలేజీకి ఉండడు. ఇంటికి ఫోన్ చేయదు. బస్టాండులో ఫ్లెక్సీ కట్టదు. టీవీలో ప్రకటన రాదు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ 1929 నాటిది. కాకినాడ, అనంతపురం కాలేజీలు రెండూ 1946లో పుట్టాయి. ఒకటి విశాఖలో, మరొకటి మద్రాసు గిండీలో మొదలై తర్వాత ఇప్పుడున్న ఊళ్లకు వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి ఎస్వీయూ కాలేజీలు 1950ల నాటివి. తెలుగు నేల మీద ఆనకట్టలూ కరెంటు లైన్లూ వేసిన ఇంజినీర్లలో ఎందరో ఈ తరగతి గదుల్లోంచి వచ్చారు. వీటికి తోడు మంథని, సుల్తాన్‌పూర్, పులివెందుల, కలికిరి, విజయనగరం, నరసరావుపేట లాంటి చోట్ల కొత్తవి వచ్చాయి. కొన్నిటిలో అధ్యాపకుల ఖాళీలు ఏళ్లుగా నిండలేదు, హాస్టల్ భోజనం మీద పిల్లలు ధర్నాలు చేసిన రోజులూ ఉన్నాయి. అవి నిజాలే. అయినా చేతిలో డబ్బు లేని ఇంటి పిల్లకు నా సలహా మారదు: ర్యాంకు అందుతుందనిపించిన ప్రతి యూనివర్సిటీ కాలేజీని ముందు రాయండి. ఒక్క జాగ్రత్త ఉంది. అదే గేటు లోపల రెగ్యులర్ కోర్సు ఉంటుంది, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు ఉంటుంది. ఫీజుల్లో చాలా తేడా. కోడ్ సరిగ్గా చూసుకోండి.

ఆప్షన్ల వరుస గురించి ఇంకో మాట. కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. కింద రాసినవాటి జోలికి పోదు. మోజు కొద్దీ లక్ష రూపాయల కాలేజీని పైన రాస్తే, అది దొరికిందంటే కిందనున్న చవక కాలేజీ సీటు మీది కాదు. అందుకే ఇంట్లో మోయలేని కాలేజీని జాబితాలో రాయనే కూడదు. గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఫీజూ దాని పక్కనే ఉంటుంది. రెండూ కలిపి చూసుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి చేదు మాట కూడా చెప్పాలి. 2008 తర్వాత ఈ పథకం వల్ల ఇంజినీరింగ్ గడప ఎక్కిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అంతకు ముందు ఇంటర్ దాటినవాళ్లే లేరు. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ ఈ రూ.35 వేల పరిమితి ఉమ్మడి రాష్ట్రంలో పెట్టినది. ఆ తర్వాత కాలేజీల ఫీజులు ఎన్నిసార్లు పెరిగాయో లెక్క లేదు, తెలంగాణలో పరిమితి మాత్రం కదల్లేదు. ఇచ్చే ఆ మొత్తమూ వేళకు అందదు. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు తాళాలు వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన కన్వీనర్ కోటా పిల్లల ఫీజు మొత్తం ప్రభుత్వమే భరించే పద్ధతి 2019 తర్వాత వచ్చింది. ముందు తల్లి ఖాతాలో వేశారు, ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే ఇస్తామన్నారు. బకాయిల బాధ అక్కడా తప్పలేదు.

ఆ బకాయి చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో మా వీధిలోనే చూశాను. నాలుగేళ్లు చదివి ఉద్యోగం తెచ్చుకున్న కుర్రవాడు. కంపెనీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమంది. ప్రభుత్వం నుంచి రెండేళ్ల డబ్బు రాలేదు, అది మీరు కట్టి తీసుకెళ్లండి, వచ్చాక తిరిగిస్తాం అంది కాలేజీ. వాళ్లమ్మ మెడలో పుస్తెలతాడు బ్యాంకుకు వెళ్లింది. సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు చూపించి కొట్లాడే తీరిక, ఉద్యోగంలో చేరే తేదీ తరుముకొస్తున్న కుర్రవాడికి ఎక్కడిది? చేరేనాడే ఈ మాట అడగండి: రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మా దగ్గర వసూలు చేస్తారా? ఆ కాలేజీలో నాలుగో ఏడాది చదివే పిల్లలను కూడా అడగండి. ఆఫీసు గదిలో రాని జవాబు క్యాంటీన్లో వస్తుంది.

ప్రైవేటు కాలేజీ పీఆర్వో చూపే ఆశ మేనేజ్‌మెంట్ సీటు. "ఇప్పుడే వస్తే డిస్కౌంట్" అంటాడు. ఆ సీటులో, అంటే బీ కేటగిరీలో, చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్ అయ్యాక కాలేజీ స్థాయిలో జరిగే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. రసీదు లేకుండా డొనేషన్ అడిగితే అది నేరం. ఉమ్మడి రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది 1983లో. నలభై ఏళ్లు దాటినా ఆ డబ్బు సంచుల్లోనే చేతులు మారుతోంది. సంచిలో పోసేంత డబ్బు లేనివాళ్ల భూమి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేతులు మారుతోంది.

బ్రాంచి సంగతి. అందరూ కంప్యూటర్ సైన్స్ వైపే ఉన్నారు కాబట్టి పేరున్న కాలేజీల్లోనూ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు వెనక ర్యాంకులకు దొరుకుతున్నాయి. పాఠం చెప్పేవాళ్లు లేని కాలేజీలో సీఎస్ఈ కన్నా మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలో ఎలక్ట్రికల్ మేలని నా గట్టి నమ్మకం. విద్యుత్ సంస్థల్లో, నీటిపారుదల శాఖలో, రైల్వేలో పోస్టులకు ఈ బ్రాంచిలే కావాలి. గేట్ రాస్తే ప్రభుత్వరంగ సంస్థలూ ఉన్నాయి. కోడింగ్ మీద ఇష్టం ఉన్న పిల్ల ఎలక్ట్రికల్ చదువుతూ కూడా నేర్చుకుంటుంది, చాలామంది నేర్చుకుంటున్నారు.

కాలేజీ గోడ మీద ఒక్క విద్యార్థి ఫొటో వేసి, నలభై లక్షల ప్యాకేజీ అని రాస్తారు. ఆ ఒక్కడి జీతంతో మనకు పని లేదు. ఎన్ఐఆర్ఎఫ్‌కు పంపిన వివరాలను కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది చదువు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నది ఏడాదివారీగా ఉంటుంది. మధ్యస్థ జీతం అంటే, ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడ్డవాడి జీతం. మన పిల్లలు చాలామంది ఆ నడుమ మనిషికి అటూ ఇటూ ఉంటారు. నాలుగేళ్ల ఖర్చును ఆ జీతం పక్కన పెట్టి చూస్తే ఏది కొనగలమో, ఏది కొనలేమో తెలుస్తుంది.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఇంకా చవకైన దారులున్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టినవి, తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం చేరాయి. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్లూ అక్కడే ఉండి చదువు. ఇంటర్ కోచింగ్ ఖర్చే లేదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ట్యూషన్ ఫీజు అయిదు వేల లోపే. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్‌లో ఏటా లక్ష పోసి, చివరికి ఎనభై వేల ర్యాంకుతో అయోమయంలో పడే పిల్లలను చూసినప్పుడల్లా, ఈ దారి వాళ్లకు ఎవరూ చెప్పలేదే అని బాధ కలుగుతుంది.

జేఈఈలో మంచి ర్యాంకు వచ్చి కూడా ఎన్ఐటీ ఫీజుకు భయపడి వదులుకునేవాళ్లు ఉన్నారు. వరంగల్ అయినా తాడేపల్లిగూడెం అయినా, కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. అయిదు లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా మొత్తం మాఫీ. ఐఐటీల్లోనూ ఇంతే. రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి కొద్దిలో దాటిపోయిన ఇళ్లు, అంటే చిన్న ఉద్యోగం, చిన్న కొట్టు ఉన్నవాళ్లు, ఏఐసీటీఈ ట్యూషన్ ఫీజు మినహాయింపు సీట్ల గురించి అడగండి. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు వీటికి అర్హులు. అదే ఆదాయ పరిమితితో ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి రూ.50 వేలు ఉంది. అప్పు తప్పదనుకుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కేముందు, పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ కాలేజీ ఉందేమో చూసుకోండి. ఉంటే తాకట్టూ జామీనూ అడగకుండా బ్యాంకు అప్పిస్తుంది.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో మొదటి పేజీ కొట్టివేసి, అమ్మాయి కొత్త వరుస రాసుకుంది. యూనివర్సిటీ కాలేజీలు పైన, బస్సు అందే ప్రైవేటు కాలేజీలు తర్వాత. హైదరాబాద్‌వి రెండే ఉంచింది, అవీ తక్కువ ఫీజువి. ప్రతి కోడ్ పక్కన ఫీజు, ఫీజు పక్కన "35 పోగా" అని ఒక గడి గీసింది. సెంటర్ మూసే వేళకు ఆప్షన్లు సేవ్ చేసి, ప్రింటు తీసుకుని వెళ్లిపోయారు.

మాకు పట్టింది గంటన్నర. ఆ ఇంటికి అయిదు లక్షల తేడా. ఈ పత్రిక చదివే మీలో ఇంజినీర్లున్నారు, టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. మీ వీధిలో, మీ ఊళ్లో, మీ ఇంట్లో పనికి వచ్చే అమ్మ ఇంట్లో ఎవరో ఒకరు ఈసారి ఆప్షన్లు పెడతారు. పిలిచేదాకా ఆగకండి. ఒక సాయంత్రం మీరే వెళ్లి, ఆ పిల్లల పక్కన కూర్చుని లెక్క వేయండి.