గతము ఎవరి సొత్తు?

కేంద్ర సమాచార, ప్రసార శాఖామాత్యులవారి సముఖమునకు,

ఆర్యా,

2021లో బిగ్‌బాస్ తెలుగు అను టెలివిజన్ పోటీ అయిదవ విడతయందు, పూర్వము జబర్దస్త్ హాస్య కార్యక్రమ వేదికపై స్త్రీపాత్రలు ధరించిన ప్రియాంక సింగ్, తాను స్త్రీగా మారిన వృత్తాంతమును, తండ్రికి సైతము చెప్పలేకపోయిన వేదనను స్వయముగా చెప్పుకొనెను. తానై చెప్పినది గనుక అది ఆత్మగౌరవమయ్యెను. అదే కథను పరులు త్రవ్వి తీసియుండినచో అది దొంగతనమే యగును.

మా పొరుగుననున్న పెడనలో కలంకారీ గుడ్డను, అచ్చు వేయుటకు ముందు, కరక్కాయ నీట ముంచెదరు. ఆ తొలి చాయ అద్దకము క్రింద అణగియుండును గాని, దానిని గీకి చూపుమని కొనువాడెవడును అడుగడు. మనుష్యుని గతమును అట్టిదే.

నేరమును దాచుట వేరు; దేహమును, కులమును, చెదరిన కాపురమును దాచుకొనుట వేరు. మొదటిది విచారణార్హము, రెండవది, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ప్రాథమికహక్కుగా నిర్ణయించిన గోప్యతలోనిది.

కావున, 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టము క్రింది కార్యక్రమ నియమావళిలో, పోటీదారుల సొంత బ్రతుకులోని గతమును వారి సమ్మతి లేనిదే ప్రసారము గావింపరాదను నిబంధనను విస్పష్టముగా చేర్పింప ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ప్రేక్షకుడు
గూడూరు, కృష్ణా జిల్లా